కులం గడి లేని కాగితం

(గుర్తింపు కాగితాల చరిత్ర – మూడో భాగం)

నాంపల్లిలో గాంధీభవన్‌కు ఎదురుగా గృహకల్ప ఉంది. మొజంజాహి మార్కెట్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు నడిచే వాళ్ళందరికీ తెలిసిన చోటే. చాలా ఏళ్ళపాటు అక్కడ ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ ఆఫీసు నడిచింది. తెలుగులో చెప్పాలంటే వలసదారుల సంరక్షకుడు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయికో, సౌదీకో కూలికి పోయే మనిషి పాస్‌పోర్టు మీద ఆ ఆఫీసు అనుమతి ముద్ర పడితేనే విమానం ఎక్కనిచ్చేవాళ్ళు. అదే రోజుల్లో పక్కనే అబిడ్స్‌లో అమెరికా టికెట్ కొనుక్కున్న ఇంజనీరుకు ఆ ఆఫీసు ఎక్కడుందో తెలియాల్సిన అవసరం కూడా లేదు.

ఇద్దరూ ఒకే దేశ పౌరులు. ఇద్దరి చేతిలో ఉన్నది ఒకే నీలి రంగు పుస్తకం. ఒకరికి వీసా, టికెట్ ఉంటే చాలు. ఇంకొకరికి పోయే దేశం వీసా ఇచ్చినా సొంత దేశం విడిగా సెలవివ్వాలి. ఎందుకు?

“చదువు రానివాళ్ళు మోసపోతారు కదా, వాళ్ళ రక్షణ కోసమే” అంటారు. ఆ మాట పూర్తిగా అబద్ధం అనను. ఏజెంట్ల చేతిలో భూమి, పుస్తెలతాడు పోగొట్టుకున్న ఇళ్ళు తెలంగాణలో లేని ఊరు లేదు. కానీ ‘రక్షణ’ అనే ఈ మాటకు ఒక చరిత్ర ఉంది. ఆ ఆఫీసు పేరు స్వతంత్ర భారతం కొత్తగా పెట్టుకున్నది కాదు. 1864 నాటి బ్రిటిష్ ఇండియా వలస చట్టంలో ఉంది. 1883 చట్టంలో ఉంది. 1922 చట్టంలో ఉంది. 1983లో మన పార్లమెంటు చేసిన చట్టంలోనూ అదే పేరు. ఓడలు పోయి విమానాలు వచ్చాయి, కూలీ బాండు పోయి కంపెనీ వీసా వచ్చింది. సంరక్షకుడు మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

ఈ భాగంలో ఆ కుర్చీ ముందు నిలబడ్డ వాళ్ళ చరిత్ర చెప్పుకుందాం.

1. కులం గడి ఉన్న కాగితం

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ నేటాల్ తీరానికి చేరింది. అంటే ఇప్పటి దక్షిణాఫ్రికాలోని డర్బన్. మద్రాసులో ఎక్కిన 342 మంది అందులో ఉన్నారు. అది మొదలు 1911 దాకా నేటాల్ చెరుకు తోటలకు లక్షా యాభై రెండు వేల పైచిలుకు మంది వెళ్ళారు. వాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచి పోయినవాళ్ళే. విశాఖ, గోదావరి, గంజాం, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు వాళ్ళలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. మారిషస్‌కు అంతకుముందే, 1830ల నుంచే పోవడం మొదలైంది. ఫిజీకి మద్రాసు నుంచి 1903లో మొదలైంది.

ఓడ ఎక్కే ప్రతి మనిషికీ ఒక వలస చీటీ రాసేవాళ్ళు. ఆ చీటీలో గడులు చూడండి. పేరు. తండ్రి పేరు. వయసు. కులం. జిల్లా, తాలూకా, ఊరు. ఒంటి మీద గుర్తులు. అంటే ఎడమ చెంప మీద మచ్చ, కుడి మోకాలి మీద గాయం. డర్బన్‌లో భద్రపరిచిన ఓడల జాబితాల్లో ‘మాల’, ‘మాదిగ’, ‘పరయ’, ‘కాపు’ అన్న మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా కనిపిస్తాయి. ఆధునిక ప్రపంచం మనవాళ్ళకు ఇచ్చిన తొలి ప్రయాణ పత్రం అది. అందులో పేరు ఎంత ముఖ్యమో కులమూ అంతే ముఖ్యం.

ఆ చీటీ దేనికి? తోట యజమానికి తన సరుకు లెక్క తెలియాలి, పారిపోతే పట్టుకోవాలి. అగ్రకులాల వాళ్ళు సముద్రం దాటితే కులం పోతుందని భయపడే రోజులవి. ఉన్న ఊళ్ళో పోవడానికి ఏమీ మిగలనివాళ్ళే ఎక్కువగా ఓడ ఎక్కారు. మోసపోయి ఎక్కినవాళ్ళున్నారు. కరువుకు తాళలేక ఎక్కినవాళ్ళున్నారు. దొర గడప దగ్గర చెప్పులు చేత పట్టుకునే బతుకు నుంచి తప్పించుకుందామని ఎక్కినవాళ్ళూ ఉన్నారు. గుమాస్తా ముందు నిలబడి పేరు మార్చి, కులం మార్చి చెప్పుకున్న వాళ్ళున్నారని చరిత్రకారులు రాశారు. ఆ అబద్ధాన్ని నేను తప్పు పట్టను. మనిషి తనను తాను కొత్తగా రాసుకోవడానికి దొరికిన ఒకే ఒక్క నిమిషం అది.

మారిషస్ ఇంకో అడుగు ముందుకు పోయింది. ఒప్పందం ముగిసిన కూలీలు, అంటే చట్టం ప్రకారం స్వేచ్ఛ వచ్చినవాళ్ళు, ఎప్పుడూ వెంట ఒక టికెట్ పెట్టుకుని తిరగాలని 1867లో చట్టం చేసింది. దాని మీద ఫోటో. అది లేకుండా రోడ్డు మీద కనిపిస్తే దేశదిమ్మరి అని జైలు. ఆ వేధింపుల మీద 1871లో 9,401 మంది పాత కూలీలు గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. దాన్ని ఇంగ్లీషులో రాసి ముందుకు నడిపించిన ఆడాల్ఫ్ ద ప్లెవిట్జ్ మీద తోటల యజమానులు పగబట్టారు. చివరికి రాయల్ కమిషన్ వచ్చి అర్జీలో చెప్పింది నిజమేనని తేల్చింది.

తేదీ గుర్తుపెట్టుకోండి. 1867. యూరప్‌లో ధనవంతుల పాస్‌పోర్టుల మీద ఫోటో అంటించడం మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో గానీ రాలేదు. అంతకు అర్ధ శతాబ్దం ముందే కూలీ జేబులో ఫోటో ఉన్న గుర్తింపు కార్డు ఉంది. ఫోటో ఐడీ పుట్టింది విమానాశ్రయంలో కాదు, చెరుకు తోట గట్టు మీద.

2. పాస్‌పోర్టు ఎవరిది?

1913లో అంబేడ్కర్ బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో న్యూయార్కు వెళ్ళిన నాటికి మన దగ్గర పాస్‌పోర్టు తప్పనిసరి కాదు. యుద్ధం వచ్చాక నిబంధనలు వచ్చాయి. 1920లో పాస్‌పోర్టు చట్టం వచ్చింది. 1917లో కూలీ ఎగుమతి ఆగింది, 1922లో కొత్త వలస చట్టం వచ్చింది. అప్పటి నుంచి ప్రయాణికులు రెండు వరసలుగా విడిపోయారు. చదువు, ఆస్తి, పలుకుబడి ఉన్నవాళ్ళది పాస్‌పోర్టు వరస. నైపుణ్యం లేని కూలీలది వలస చట్టం వరస. వాళ్ళు ఏ దేశానికి పోవచ్చో కూడా ప్రభుత్వమే నోటిఫై చేయాలి. ఆ చట్టంలో వలస అంటే సముద్రం మీద పోవడం. కూలీ విమానం ఎక్కుతాడని ఆనాడు ఎవరి ఊహలోనూ లేదు.

గృహకల్పకు ఎదురుగా ఉన్నది గాంధీ పేరు మీద ఉన్న భవనం కాబట్టి ఆయన సంగతీ చెప్పుకోవాలి. ట్రాన్స్‌వాల్‌లో ఆసియావాసులంతా వేలిముద్రలు వేసి రిజిస్టరు కావాలన్న చట్టం మీద గాంధీ సత్యాగ్రహం చేశాడు. 1908 ఆగస్టు 16న జొహానెస్‌బర్గ్‌లో హమీదియా మసీదు దగ్గర రిజిస్ట్రేషన్ కాగితాలు కుప్ప పోసి తగలబెట్టారు. గొప్ప ఘట్టమే. కానీ వర్తకుల వేలిముద్రలు అవమానంగా తోచిన కాలానికి, కూలీల ఒంటి మీది మచ్చలు కాగితాల్లోకి ఎక్కి 48 ఏళ్ళు అయింది. ఒప్పంద కూలీల తరఫున, వాళ్ళ మీద వేసిన మూడు పౌండ్ల తలపన్ను మీద పెద్ద సమ్మె 1913లో గానీ జరగలేదు. ‘మమ్మల్ని కూలీలతో సమానంగా చూస్తున్నారు’ అన్న బాధ వేరు. ‘కూలీని ఇలా ఎందుకు చూస్తున్నారు’ అన్న ప్రశ్న వేరు.

ఆ రెండో ప్రశ్నే అంబేడ్కర్‌ది. తన జీవితంలోని అంటరానితనపు అనుభవాలు రాసుకున్న చిన్న పుస్తకానికి పేరు ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’. ఆయన పోయాక చాలా ఏళ్ళకు, 1990లో అచ్చయింది. నా విద్యార్థులు ఎప్పుడూ అడుగుతారు, “సార్, అందులో వీసా ఎక్కడుంది?” అని. నిజమే, అందులో ఎంబసీ లేదు, ఇమిగ్రేషన్ కౌంటరు లేదు. ఎడ్లబండి ఉంది, బరోడాలోని పార్సీ సత్రం ఉంది. 1934లో మన నిజాం రాజ్యంలోనే ఉన్న దౌలతాబాద్ కోట ఉంది. ఆ కోట ముందు కొలనులో నీళ్ళు ముట్టుకున్నందుకు ఆయన బృందాన్ని అడ్డుకున్నారు. లోపల ఎక్కడా నీళ్ళు ముట్టుకోకూడదన్న షరతు మీద, ఆయుధం పట్టిన కాపలావాడిని వెంటబెట్టి లోపలికి పంపారు. కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చిన మనిషికి సొంత దేశంలో ఒక కోట చూడడానికి ఎస్కార్టు కావాల్సి వచ్చింది. పరాయి దేశంలో అడుగుపెట్టాలంటే కావాల్సింది వీసా. ఆయనకు అది ఇక్కడే కావాల్సి వచ్చింది.

3. హక్కా? దయా?

స్వాతంత్ర్యం వచ్చింది. రాజ్యాంగం వచ్చింది. మరి పాస్‌పోర్టు?

1947 నుంచి 1967 దాకా పాస్‌పోర్టు మన దగ్గర హక్కు కాదు, ప్రభుత్వం దయ. ఈ కాలం మీద కళాత్మిక నటరాజన్ అనే చరిత్రకారిణి చేసిన పరిశోధన మనం తప్పక చదవాలి. బ్రిటన్‌కు పోదామనుకున్న పేదలను, చదువు లేనివాళ్ళను, కింది కులాల వాళ్ళను పాస్‌పోర్టు ఇవ్వకుండా ఎలా ఆపారో ఆమె పాత ఫైళ్ళ నుంచి చూపించింది. వాళ్ళు విదేశాల్లో కనిపిస్తే దేశం పరువు పోతుందన్నది అధికారుల ఆలోచన. దేశానికి ముఖం ఎవరు, దాచుకోవాల్సిన వీపు ఎవరు అన్నది ఆఫీసరు తేల్చేవాడు. వెట్టి ఓడల జ్ఞాపకం కొత్త దేశపు దౌత్యవేత్తలకు ఒక సిగ్గు. ఆ సిగ్గును వాళ్ళు వ్యవస్థ మీద పడలేదు, కూలీ మీద పడ్డారు.

1967 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో తీర్పు ఇచ్చింది. విదేశాలకు పోయే స్వేచ్ఛ రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనని, చట్టం లేకుండా పాస్‌పోర్టు నిరాకరించడం కుదరదని చెప్పింది. మెజారిటీ తీర్పు రాసింది మన రాజమండ్రి వాడైన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. అప్పుడు గానీ ప్రభుత్వం కదల్లేదు. మూడు నెలలు తిరగకముందే, జూన్ 24న, పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టు స్వాధీనం చేసుకుంటే ఆమె కోర్టుకు వెళ్ళింది. 1978 జనవరి 25న వచ్చిన ఆ తీర్పు ఈ దేశంలో న్యాయశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ పాఠం.

ఈ తీర్పులు మనకూ ఆస్తే, వదులుకోవద్దు. కానీ కోర్టు మెట్లెక్కింది ఎవరో చూడండి. ఒకరు ఎగుమతి దిగుమతుల వ్యాపారి. ఇంకొకరు మాజీ ప్రధాని కోడలు. వాళ్ళు గెలిచిన హక్కు కూలీ దాకా వచ్చేసరికి మధ్యలో ఒక తలుపు పెట్టారు. ఆ తలుపు పేరు 1983 వలస చట్టం.

4. పదో తరగతి అనే గేటు

పాస్‌పోర్టులో ‘ఈసీఆర్’ అన్న మూడక్షరాలు చూసే ఉంటారు. ‘వలస తనిఖీ అవసరం’ అని అర్థం. మామూలుగా చెప్పాలంటే, పది పాసైన సర్టిఫికెట్ చూపించని మనిషి పాస్‌పోర్టు మీద అది పడుతుంది. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకు, యాభై ఏళ్ళు దాటినవాళ్ళకు, మూడేళ్ళకు మించి విదేశాల్లో ఉండొచ్చినవాళ్ళకు, ఇంకా కొన్ని వర్గాలకు మినహాయింపు ఉంది. ఆ ముద్ర ఉన్న మనిషి సౌదీ, యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా లాంటి నోటిఫై చేసిన దేశాలకు పనికి పోవాలంటే సంరక్షకుడి అనుమతి కావాలి. ఇప్పుడది ఈ-మైగ్రేట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో జరుగుతోంది. 2007 అక్టోబరు నుంచి ఉద్యోగం కాని పనులకు, అంటే చుట్టపుచూపుకో, యాత్రకో పోయేవాళ్ళకు ఆ అనుమతి అక్కర్లేదు.

పాస్‌పోర్టు దరఖాస్తులో కులం గడి లేదు. ఉండకూడదు కూడా. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఈ దేశంలో పదికి ముందే బడి మానేసింది ఎవరు? పత్తి చేన్లకు, ఇటుక బట్టీలకు అమ్మానాన్నలతో పాటు పోయింది ఎవరి పిల్లలు? తరగతి గదిలో వేరే వరసలో కూర్చోబెట్టింది ఎవరిని? మాల మాదిగ వాడల్లో, తండాల్లో, గూడేల్లో, చాకలి మంగలి ఇళ్ళలో, పాతబస్తీ గల్లీల్లో బడి మధ్యలో ఆగిపోయినవాళ్ళే ఈసీఆర్ ముద్ర కింద నిలబడ్డారు. గడి పోయింది. గడి చేసే పని పోలేదు.

చదువు ఇవ్వని రాజ్యమే, చదువు లేదన్న కారణంతో కాళ్ళకు గేటు వేసింది. ఈ అన్యాయం మీద మనం మాట్లాడింది చాలా తక్కువ.

ఆడవాళ్ళ సంగతి చూడండి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీ ముప్పై ఏళ్ళు నిండితే గానీ ఆ దేశాలకు పనికి పోకూడదు. కోనసీమ నుంచి, కడప జిల్లా నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయే దళిత, బీసీ, ముస్లిం అక్కచెల్లెళ్ళు ఎంతమందో! నిబంధన ఉంది గనక వాళ్ళు ఆగారా? ఆగలేదు. ఇంట్లో అప్పు ముప్పై ఏళ్ళు నిండేదాకా ఆగదు కదా. విజిట్ వీసా మీద పంపించారు. పాస్‌పోర్టులో వయసు పెంచి రాయించారు. విమానాశ్రయంలో మనుషుల్ని మేనేజ్ చేసి పంపడానికి ఏజెంట్ల భాషలో ‘పుషింగ్’ అని పేరే ఉంది. అలా పోయిన మనిషి అక్కడ ఏ రిజిస్టరులోనూ ఉండదు. యజమాని పాస్‌పోర్టు గుంజుకుని బీరువాలో పెట్టుకుంటే అడిగే దిక్కు ఉండదు. రక్షణ పేరుతో వేసిన గేటు ఆమెను ఆపలేదు, దొడ్డిదారిన పంపింది. రక్షణ అక్కడే పోయింది.

2018 జనవరిలో ఇంకో ముచ్చట జరిగింది. ఈసీఆర్ వాళ్ళకు నారింజ రంగు అట్టతో పాస్‌పోర్టు ఇస్తామని విదేశాంగ శాఖ ప్రకటించింది. చిరునామా, తల్లిదండ్రుల పేర్లు ఉండే చివరి పేజీ తీసేస్తామంది. తనిఖీ సులువవుతుందట. లోపలి ముద్రను అట్ట మీదికి తెచ్చి, ప్రపంచంలోని ప్రతి విమానాశ్రయంలో దూరం నుంచే ‘వీడు చదువు లేని కూలీ’ అని తెలిసేలా చేయడమన్నమాట. మెడలో ముంత, నడుముకు తాటాకు కట్టిన దేశానికి ఆ ఆలోచన రావడంలో వింత లేదు. కేరళ నుంచి, గల్ఫ్ నుంచి గట్టి నిరసన వచ్చింది. ఆ నెలాఖరుకే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అడిగితే ఆగుతుంది అనడానికి ఇది సాక్ష్యం.

5. పేరు, పుట్టిన తేదీ, పచ్చ సంతకం

ఈ కాలపు సంరక్షకులు విదేశీ ప్రయాణం దగ్గరే లేరు. అబిడ్స్ జీపీఓ దగ్గర, నాంపల్లి కోర్టుల దగ్గర జిరాక్స్ దుకాణాలు, నోటరీ బల్లలు, స్టాంప్ కాగితాల వాళ్ళను చూడండి. అక్కడ రోజూ జరిగే పని ఒక్కటే. మనిషి ఒకటి, కాగితాలు మూడు. ఆ మూడింటినీ ఆ మనిషికి అతకాలి.

మన పేర్ల కథ వేరు. ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు. పాస్‌పోర్టు దాన్ని చివరికి తోస్తుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. ఆడపిల్లకు పెళ్ళయ్యాక ఇంకో పేరు. చాలా దళిత ఇళ్ళలో చర్చిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. ఎందుకో మీకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడు ఎస్సీ కాడు. బతకడానికి రెండు పేర్లు పెట్టుకోమన్న రాజ్యమే, రెండు పేర్లు ఎందుకున్నాయని అడుగుతుంది. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒకటే పేరు ఉన్నవాళ్ళకు విజిట్ వీసా మీద ప్రవేశం లేదంది. వెంకటయ్య అని మాత్రమే రాయించుకున్న మనిషికి వెంకటయ్యగా బతకడం చాలదని ఆ రోజు తెలిసింది.

పేరు ఎవరు రాస్తారన్నది మనకు కొత్త పోరాటం కాదు. ఈ నగరంలోనే మాదరి భాగయ్యగా పుట్టిన మనిషి భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. అంటరానివాళ్ళను ఆ పేర్లతో కాదు, ‘ఆది హిందువులు’ అని రాయాలని పట్టుబట్టాడు. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం అలాగే రాసింది. సర్కారు రిజిస్టరులో మన పేరు మనమే చెప్పుకోవడం ఎంత పెద్ద రాజకీయమో ఆయనకు తొంభై ఏళ్ళ కిందటే తెలుసు.

పుట్టిన తేదీ కూడా అంతే. మన పెద్దవాళ్ళలో చాలామంది పుట్టినరోజు బడిలో హెడ్మాస్టర్ పెట్టిందే. బడి తెరిచే జూన్ నెలలో ఏదో ఒక తేదీ. 1989 జనవరి 26 తర్వాత పుట్టినవాళ్ళు జనన ధ్రువపత్రమే తేవాలని పాస్‌పోర్టు నిబంధన ఒకటి చాలాకాలం ఉండేది. ఆసుపత్రి మొహం చూడకుండా ఇంట్లో మంత్రసాని చేతిలో పుట్టిన పిల్లలకు అది ఎక్కడిది? 2016 డిసెంబరులో దాన్ని సడలించి టీసీ, టెన్త్ సర్టిఫికెట్, ఆధార్, పాన్ లాంటివి ఒప్పుకున్నారు. 2025లో మళ్ళీ మార్చారు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. ఇంట్లో పసిపిల్లలుంటే ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

దేశంలోపల విమానం ఎక్కడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. 2017 అక్టోబరులో పౌర విమానయాన భద్రతా బ్యూరో పది రకాల కాగితాల జాబితా ఇచ్చింది. పాస్‌పోర్టు, ఓటరు కార్డు, ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, ఉద్యోగ గుర్తింపు కార్డు, విద్యార్థి కార్డు, ఫోటో ఉన్న జాతీయ బ్యాంకు పాస్‌బుక్కు, పెన్షన్ కార్డు, వికలాంగుల కార్డు. అమ్మానాన్నలతో పోయే మైనరు పిల్లలకు ఏదీ అక్కర్లేదన్నారు. నేపాల్, భూటాన్‌లకు పాస్‌పోర్టు లేకున్నా ఓటరు కార్డుతో పోవచ్చు. ఆధార్ మాత్రం అక్కడ మామూలుగా చెల్లదు. అది చూసుకోక విమానాశ్రయం దాకా పోయి వెనక్కి వచ్చినవాళ్ళున్నారు.

ఆ జాబితాలో చివరి మాట ఒకటుంది. ఈ పదింటిలో ఏదీ లేనివాళ్ళు గ్రూప్ ‘ఎ’ గెజిటెడ్ అధికారి ఇచ్చిన, ఫోటో మీద సంతకం ఉన్న ధ్రువపత్రం తేవచ్చు. నేను కొన్నాళ్ళు పచ్చ ఇంకు సంతకాలు పెట్టినవాణ్నే గనక ఈ సంగతి నాకు ఇంకాస్త బాగా తెలుసు. ప్రభుత్వ కాలేజీ లెక్చరర్‌కు గెజిటెడ్ హోదా ఉంటుంది. అరవై ఏళ్ళు ఒకే ఊళ్ళో బతికిన మనిషి, ఊరంతటికీ తెలిసిన మనిషి, పరిచయం లేని నా దగ్గరికి వచ్చి ‘ఈయన ఈయనే’ అని రాయమని నిలబడేవాడు. చేతులు కట్టుకుని. ఆ చేతులు కట్టుకోవడమే నాకు బాధ. ఊరు సాక్ష్యం చెల్లదు, ఒక గెజిటెడ్ సంతకం చెల్లుతుంది. సొంత సంతకం చాలు అని ప్రభుత్వం చెప్పడం మొదలుపెట్టి పదేళ్ళు దాటినా పచ్చ ఇంకు మోజు చాలా కౌంటర్ల దగ్గర పోలేదు.

జాషువా ‘గబ్బిలం’ ఎందుకు ఎంచుకున్నాడో ఇలాంటప్పుడు బాగా అర్థమవుతుంది. 1941లో వచ్చిన ఆ కావ్యంలో అరుంధతీ సుతుడు తన మొర శివుడికి చేరేయడానికి హంసను పంపలేదు, మేఘాన్ని పంపలేదు. గుడిలోకి తాను పోలేడు, గబ్బిలం పోగలదు. ఎగరడానికి, లోపలికి పోవడానికి దాన్ని ఎవరూ కాగితం అడగరు.

6. తిరుగు ప్రయాణం కాగితాలు

పోయేటప్పటి కాగితాల గురించి అందరూ రాస్తారు. వచ్చేటప్పటి కాగితాలు మన పల్లెలకే తెలుసు.

ఆజాద్ వీసా అని నమ్మి పోయి, కఫీల్‌తో తగాదా వచ్చి బయటికొచ్చిన మనిషి ‘ఖల్లివెల్లి’ అవుతాడు. పాస్‌పోర్టు యజమాని దగ్గర. ఇక అతని పేరు మీద ఏ కాగితమూ లేదు. ఆమ్నెస్టీ వచ్చినప్పుడు మన ఎంబసీ ముందు వరసలో నిలబడితే ఔట్‌పాస్ ఇస్తారు. ఒక్కసారి ఇంటికి చేరడానికి మాత్రమే పనికొచ్చే కాగితం. పాస్‌పోర్టు పుస్తకంతో పోయినవాడు ఒక్క కాగితంతో దిగుతాడు.

అది కూడా అందనివాళ్ళు పెట్టెలో వస్తారు. ఆ పెట్టెకూ కాగితాలు కావాలి. మరణ ధ్రువపత్రం. ప్రమాదమైతే పోలీసు రిపోర్టు. రద్దు చేసిన పాస్‌పోర్టు నకలు. శవం పాడవకుండా మందులు ఎక్కించిన ధ్రువపత్రం. ఇక్కడి నుంచి రక్తసంబంధీకుల సమ్మతి పత్రం, నోటరీ చేసి. భర్త పోయాడని ఫోనొచ్చిన రెండో రోజు నోటరీ బల్ల ముందు కూర్చున్న మనిషిని, “పాస్‌పోర్టులో భార్య పేరు వేరేగా ఉందేంటమ్మా” అని అడుగుతారు. కాగితాల్లో ఒక్క అక్షరం తేడా ఉన్నందుకు శవం వారాల తరబడి మార్చురీలో ఉండిపోయే దేశం మనది.

7. మరి ఏం చేద్దాం?

‘కాగితాలే వద్దు’ అనే విలాసం మనకు లేదు. తగలబెట్టగలిగినవాడికి ఇంట్లో ఇంకో కాగితం ఉంటుంది. వెలివాడ మనిషికి ఉన్నది ఒక్కటే. మన డిమాండు వేరు. రక్షణను, అనుమతిని విడదీయండి. రక్షణ కావాలి. కానీ అది ఏజెంటు మెడకు, కంపెనీ మెడకు కట్టండి, కూలీ కాలికి కాదు. 1983 చట్టం స్థానంలో కొత్త చట్టం తెస్తామని 2019లో, 2021లో ముసాయిదాలు తెచ్చారు. వాటి మీద చర్చ ఢిల్లీలో జరుగుతుంది. మెట్‌పల్లిలో, రాజోలులో, రాయచోటిలో జరగదు. విద్యార్థి సంఘాలు ఆ పని చేయొచ్చు.

అందాకా మన చేతిలో ఉన్న పనులు కొన్ని.

మీ టెన్త్ మెమో, ఆధార్, కులం సర్టిఫికెట్‌లలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఒక్కలాగే ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధికి దరఖాస్తు చేసేవాళ్ళు చివరి నెలలో పాస్‌పోర్టుకు పరుగెత్తొద్దు. పదిలో ఆగిపోయిన అన్న, అక్క ఉంటే ఓపెన్ స్కూల్లో పది రాయించండి. ఆ మెమోతో పాస్‌పోర్టు మళ్ళీ తీసుకుంటే ఈసీఆర్ పోతుంది. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూడండి. చట్టం ప్రకారం ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు ముప్పై వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే అది దోపిడీ. ఈసీఆర్ మీద పోయేవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా పది లక్షలకు ఉంటుంది, రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు. విజిట్ వీసా మీద పనికి పోతే అది వర్తించదు. పాస్‌పోర్టు, వీసా నకళ్ళు ఇంట్లో ఒక సెట్టు ఉంచమని చెప్పండి. ఊళ్ళో చదువుకున్న ఒక్క పిల్లో పిల్లవాడో ఈ పని మీద వేసుకుంటే చాలు.

చివరగా ఒక మాట. 2024 మార్చిలో మారిషస్ వెళ్ళిన రాష్ట్రపతి, అక్కడి ఏడో తరం భారత సంతతికి కూడా ఓసీఐ కార్డు ఇస్తామని ప్రకటించారు. ఆ ఏడో తరం మనిషి తన మూలాన్ని దేనితో రుజువు చేసుకోవాలి? ముత్తాత ముత్తాతకు రాసిచ్చిన వలస చీటీతో. పేరు, ఊరు, ఒంటి మీద మచ్చ, కులం అన్నీ ఉన్న అదే చీటీతో. నాడు సరుకుగా లెక్కపెట్టిన కాగితం నేడు వారసత్వానికి సాక్ష్యం. గుమాస్తా చేతిలో ఉన్నంతకాలం అది సంకెల. మన చేతికొచ్చి, మనం చదవడం మొదలుపెట్టాక అది చరిత్ర.

కాబట్టి కాగితం పారేయకండి, చదవండి. ఏ గడి ఎవరు గీశారో, ఎందుకు గీశారో అడగండి.

వచ్చే భాగంలో రేషన్ కార్డు.

జై భీమ్.